ఫిలేము అవునన్న తీరు

బహ్రెయిన్‌లో రిఫా అనే ఊళ్లోని ఆ ఫ్లాటుకు జమున నాలుగో మనిషిగా వచ్చింది. అంతకు ముందు రెండు నెలల్లో ముగ్గురు కేర్‌టేకర్లు మారారు. మొదటామె వారం రోజులుంది. రెండో ఆమె పది రోజులుంది. మూడో అమ్మాయి మాత్రం నెల దాటించి, ఇక తన వల్ల కాదని వేరే డ్యూటీ అడిగి వెళ్లిపోయింది.

కంపెనీ కారులో తీసుకొస్తూనే సూపర్‌వైజరు నర్సు లక్ష్మిప్రసన్న సంగతంతా చెప్పింది. ఆవిడది కాకినాడ. అద్లియాలో ఉన్న హోమ్ కేర్ ఆఫీసులో పదేళ్లుగా పనిచేస్తోంది.

"పేషెంటు పేరు ఫిలేము. డెబ్బై తొమ్మిదేళ్లు. వాళ్లది సమోవా అని, పసిఫిక్ సముద్రంలో ఎక్కడో దీవి. ఆర్నెల్ల కిందట చిన్న స్ట్రోకు వచ్చి ఎడం పక్క బలం తగ్గింది. షుగరు కూడా ఉంది. మందులు బానే మింగుతుంది. కానీ తిండి తినదు, నడవమంటే నడవదు, అడిగిన దానికి జవాబు చెప్పదు. వట్టి మొండి. ఫైల్లో కూడా అదే రాశాం."

"ముసలోళ్లు ఉత్తగనే మొండికెయ్యరు మేడం," అంది జమున.

"నువ్వే చూస్తావుగా. వాళ్లబ్బాయి నెలాఖరు దాకా చూస్తానన్నాడు. మార్పు లేకపోతే న్యూజిలాండులో ఏదో వృద్ధుల హోములో చేర్పిస్తాడట. అంటే నీ చేతిలో ఉన్నది ఇరవై ఆరు రోజులు."

జమునది మెట్‌పల్లి దగ్గర పల్లె. పెళ్లికి ముందూ తర్వాతా బీడీలు చుట్టింది. తొమ్మిదేళ్ల కిందట బహ్రెయిన్ వచ్చింది. భర్త భూమేష్ గలాలీ దగ్గర కట్టడాల పనిలో ఉన్నాడు, క్యాంపులో ఉంటాడు. ఇద్దరూ శుక్రవారం శుక్రవారం కలుసుకుంటారు. వచ్చిన కొత్తలో జమున ముహర్రక్‌లో ఒక అరబ్బు పెద్దావిడ దగ్గర చేరింది. అప్పుడు ఆమెకు అరబ్బీలో ఒక్క ముక్క రాదు. ఆరేళ్ల తర్వాత ఆ పెద్దావిడ కన్ను మూసే వేళకు, ఆవిడ దగ్గిన తీరును బట్టే దాహమో ఆయాసమో చెప్పగలిగేది జమున. ఆ తర్వాత మూడు నెలల ట్రైనింగు తీసుకుని ఈ కంపెనీలో చేరింది. ఒక మనిషి భాష రాకపోయినా ఆ మనిషిని తెలుసుకోవచ్చని ఆమెకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకం ఈ ఇంట్లో మొదటి రోజే సన్నగిల్లింది.

ఫిలేము పెద్ద మనిషి, పొడుగూ లావూ కూడా. కిటికీ పక్కన కుర్చీలో, నడుముకు పూలపూల బట్ట చుట్టుకుని, తెల్లటి జుట్టు ముడివేసుకుని కూర్చుని ఉంది. జమున దగ్గరికి వెళ్లి నిలబడి, నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్పింది. ట్రైనింగులో నేర్పినట్టు స్పష్టంగా, కాస్త గట్టిగా తన పేరు చెప్పింది. జుట్టు సరిచేద్దామని దువ్వెన తీసుకుని తల మీద చెయ్యి వేసింది. ఫిలేము మొహం గోడవైపు తిప్పుకుంది. మధ్యాహ్నం ట్రేలో సూపు తెచ్చి చెంచా అందిస్తే పెదవులు బిగించింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే.

కొడుకు పేరు ఇయోసేఫో. ఒక స్కూల్లో పిల్లలకు రగ్బీ, ఈత నేర్పుతాడు. పొద్దున్న ఆరింటికి వెళ్లి సాయంత్రం నాలుగింటికి వస్తాడు. తలుపులో నుంచి వచ్చేటప్పుడు తల వంచాల్సినంత పొడుగు, కానీ గొంతు మాత్రం మెత్తన. అతనికీ జమునకీ మధ్య ఇంగ్లీషే దారి. జమున ఇంగ్లీషు నాలుగేసి మాటలుగా వస్తుంది. అయినా వెనక్కి తగ్గదు.

మూడో రోజు సాయంత్రం అడిగింది. "సర్, మీ అమ్మకు నా మీద కోపమా?"

"లేదు లేదు. మీరు చాలా బాగా చూసుకుంటున్నారు."

నాలుగో రోజు మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. ఐదో రోజు అతను షూస్ విప్పుకుంటుండగా ఎదురుగా నిలబడింది.

"సర్, నేను ఏదో తప్పు చేస్తున్నాను. రోజూ చేస్తున్నాను. మీకు తెలుసు. మర్యాద కోసం చెప్పడం లేదు. మీరు చెప్పకపోతే రేపు కూడా అదే తప్పు చేస్తాను. పాపం ఆమె రేపు కూడా గోడ వైపు తిరుగుతుంది."

ఇయోసేఫో విప్పిన షూస్ పక్కన పెట్టాడు. చివరికి నేల మీద బాసీపట్టు వేసి కూర్చుని, ఆమెనూ కూర్చోమన్నాడు.

"ఇలా," అన్నాడు. "మాట్లాడాలంటే ముందు ఇలా కూర్చోవాలి. కూర్చున్న పెద్దవాళ్ల ముందు నిలబడి మాట్లాడితే, మా దగ్గర అది వాళ్ల మీద అరిచినట్టు."

లేచి, తల్లికీ టీవీకీ మధ్య నుంచి నడిచి చూపించాడు. అంత మనిషీ నడుము దాకా వంగి, ఒక చెయ్యి కిందికి చాచి, "తులౌ" అని మెల్లగా అంటూ దాటాడు. పెద్దల ముందు నుంచి వెళ్లేటప్పుడు ఆ మాట అనకుండా, వంగకుండా వెళ్లరట. జమున ఆ దారిలో రోజుకు ఇరవై సార్లు నిటారుగా, గబగబా తిరుగుతోంది. తల మీద చెయ్యి వేయాలంటే ముందు అడగాలన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయి ఆగాడు.

"చెప్పండి సర్."

"అన్నం ముందు ప్రార్థన. అమ్మ జీవితంలో ఒక్కసారి కూడా ప్రార్థన లేకుండా ముద్ద నోట్లో పెట్టుకోలేదు. నేను ఉన్నప్పుడు నేను చెబుతాను. మధ్యాహ్నం నేనుండను కదా."

"ఇదంతా ముందు వచ్చిన వాళ్లకు చెప్పారా?"

అతను తల దించుకున్నాడు. "వాళ్లు నేర్చుకుని వచ్చినవాళ్లు. నర్సుగారు పంపినవాళ్లు. వాళ్లను నేను తప్పు పట్టడం ఏం బాగుంటుంది?"

ఆ రాత్రి పడుకునే ముందు జమున ఆలోచించింది. పెద్దలంటే గౌరవం మనకు మాత్రం లేదా, అదేదో తనకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెడదామనుకుంది. తెల్లారి ఫిలేము కుర్చీ ముందు కూర్చుని, వంగి రెండు పాదాలకూ దండం పెట్టింది.

ఫిలేము ఉలిక్కిపడి కాళ్లు లాక్కుంది. లాక్కున్న మరుక్షణం ఆమె మొహం ముడుచుకుపోయింది. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని గొంతులో "తింగా" అని ఏదో అంది. జమున బెంబేలెత్తింది. ఇయోసేఫో తల్లిని 'తినా' అని పిలుస్తాడు. మొదట్లో ఆ మాట విని, అమ్మను తిన్నావా అని అడుగుతున్నాడేమో అనుకుంది జమున. తర్వాత తెలిసింది, వాళ్ల భాషలో అమ్మను అలా అంటారని. ఇప్పుడు ఈవిడ కూడా భయపడి వాళ్లమ్మను తలుచుకుందేమో అనుకుంది.

సిగ్గుతో ముఖం కాలిపోయినట్టయింది జమునకు. తన గౌరవం తనకు గౌరవం. ఈమెకు అది ఎవరో వచ్చి కాళ్లు పట్టి లాగినట్టు. మనకు తెలిసిందే అందరికీ సరిపోతుందనుకోవడం కూడా నిలబడి మాట్లాడడం లాంటిదే అనిపించింది. తనకు తెలిసినది కాసేపు పక్కన పెట్టి, ఈమెది మొదటి నుంచి నేర్చుకోవాలని ఆ పూటే తీర్మానించుకుంది.

ఆ మధ్యాహ్నం ట్రే తీసేసింది. చిన్న బల్ల తెచ్చి, మీద బట్ట పరిచి, పళ్లెం పెట్టింది. తను కింద కూర్చుంది. "తినా, ప్రేయర్?" అంది.

ఫిలేము ఆమెను తేరిపార చూసింది. తర్వాత కళ్లు మూసుకుని, తల వంచి, తన భాషలో మొదలుపెట్టింది. ఆ ప్రార్థన పొడుగైనది. మధ్యలో ఇయోసేఫో పేరు వినిపించింది. చివర్లో 'జమునా' అని కూడా వినిపించినట్టయింది కానీ, కళ్లు తెరిస్తే బాగుండదని జమున తెరవలేదు. సూపు చల్లారిపోయింది. అయినా ఫిలేము సగం పైగా తాగింది. చెంచా తన చేత్తోనే పట్టుకుంది.

ఆ తర్వాత నాలుగు రోజుల్లో తిండి దారిలో పడింది. ఇండియన్ కొట్లో చేమగడ్డలు దొరికితే తెచ్చి, ఉడకబెట్టి కొబ్బరిపాలు పోసి ఇచ్చింది. వాళ్ల దేశంలో చేమగడ్డ మోచెయ్యంత ఉంటుందట. గిన్నెలోని గోలీల్లాంటి వాటిని చూసి ఫిలేము మొదటిసారి నవ్వింది. రెండు గిన్నెలు తింది కూడా. కానీ నడక మాత్రం ఒక్క అడుగు ముందుకు పడలేదు.

మంగళవారం, గురువారం ఫిజియోథెరపీకి సోహెల్ వస్తాడు. నిజామాబాద్ పిల్లవాడు, ముప్పై ఏళ్లు ఉంటాయి. మంచివాడే కానీ రోజుకు తొమ్మిది ఇళ్లు తిరగాలి. ఎప్పుడూ తొందరే.

"మమ్మా, నొప్పి ఉన్నదా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఫిలేము అతని వైపు చూసి కనుబొమ్మలు పైకెత్తింది. ఏమీ అనలేదు.

"చూడు జమునక్కా. ఎప్పుడడిగినా గిట్లనే ఆశ్చర్యపోయినట్టు చూస్తది. ఉందనదు, లేదనదు." కాలు పట్టి మడవబోతే ఆమె నడుము చుట్టూ ఉన్న బట్టను మోకాళ్ల కింది దాకా లాక్కుని గట్టిగా పట్టుకుంది, మగవాడి చెయ్యి తగలడం ఇష్టం లేనట్టు. ఇద్దరూ చెరో పక్క పట్టి నిలబెడితే రెండు క్షణాలు నిలబడింది. పెదవులు తెల్లబడ్డాయి. మళ్లీ కూర్చుండిపోయింది. సోహెల్ నిట్టూర్చి ఫైల్లో రాశాడు. జవాబు లేదు. సహకరించలేదు.

అతను వెళ్లాక జమున ఫిలేము చేతిని చూసింది. కుర్చీ చెయ్యిని పట్టుకున్న వేళ్లు ఇంకా వదులు కాలేదు. మొండితనం చేసే మనిషి వేళ్లు అలా ఉండవనిపించింది.

ఆ సాయంత్రం ఇయోసేఫో వచ్చి తల్లి దగ్గర కూర్చున్నాడు. ఏదో అడిగాడు. ఆమె కనుబొమ్మలు ఎత్తింది. అతను లేచి టీ తెచ్చాడు. మళ్లీ ఏదో అడిగాడు. మళ్లీ కనుబొమ్మలు లేచాయి. అతను వెళ్లి ఏసీ తగ్గించాడు. వంటింటి గుమ్మంలో గిన్నె తుడుస్తూ చూస్తున్న జమున చెయ్యి ఆగిపోయింది. మూడోసారి కూడా చూసి, వచ్చి నేల మీద కూర్చుంది.

"సర్, అమ్మ కనుబొమ్మలు ఇట్లా పైకి అంటే ఏమిటి?"

అతను నవ్వాడు. "అవునని. మేమందరం అలాగే అంటాం. మీరు అడిగేదాకా నాకే గుర్తు లేదు."

జమున నవ్వలేదు. "ఇంకొక మాట. తింగా అంటే అమ్మేనా?"

"కాదు. అమ్మంటే తినా. తింగా అంటే నొప్పి. మీరెక్కడ విన్నారు?"

"రోజూ వింటున్నాను. మంచం మీద పక్కకు తిప్పేటప్పుడు. కాళ్లు లాక్కున్నప్పుడు." జమున ఇంకా దగ్గరికి జరిగింది. "సర్, నొప్పి ఉందా అని సోహెల్ ప్రతిసారీ అడుగుతాడు. ప్రతిసారీ ఆమె కనుబొమ్మలు ఎత్తుతుంది."

ఇయోసేఫో మొహంలో రంగు మారింది. తల్లి వైపు తిరిగి గబగబా అడిగాడు. ఆమె చెయ్యి ఊపి, నవ్వి, అతని చెంప తట్టి ఏదో చెప్పింది.

"బాగానే ఉన్నానంటోంది. నన్ను స్నానం చేసి తినమంటోంది."

"మీరు కొడుకు కదా. మీకు అట్లాగే చెబుతుంది. కొంచెం బయటికి వెళ్లండి సర్."

అతను వెళ్లాక జమున కుర్చీ దగ్గరికి జరిగింది. కళ్లు ఆమె కళ్ల కంటే కిందికి ఉండేలా కూర్చుంది. "తినా. తింగా?"

కనుబొమ్మలు లేచాయి.

జమున తన చెయ్యి ఆమె మోకాలి పైన, తాకకుండా ఉంచింది. "ఇక్కడ?"

"లేయై," అంది ఫిలేము. కాదని.

చెయ్యి పైకి జరిపి, తుంటి దగ్గర, అలాగే తాకకుండా ఆపింది. కళ్లతోనే అనుమతి అడిగింది. ఫిలేము తనే ఆ చేతిని పట్టుకుని, గజ్జల పక్కన ఎముక మీద పెట్టింది. కనుబొమ్మలు లేచాయి. ఈసారి ఆమె కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి.

జమున అప్పటికప్పుడే లక్ష్మిప్రసన్నకు ఫోన్ చేసింది.

"స్కానింగ్ తియ్యాలె మేడం. లోపట ఏదో అయింది."

"జమునా, స్ట్రోకు వచ్చినప్పుడు అన్నీ తీశారు. ఫైల్లో ఒక్కచోట కూడా నొప్పి అని లేదు. ఇప్పుడు డాక్టరు గారితో ఏం చెప్పమంటావ్, కనుబొమ్మలు ఎత్తిందని చెప్పమంటావా?"

"అదే చెప్పుండ్రి. ఆమె రోజు చెప్తనే ఉన్నది. మనకే అర్థమైతలేదు."

"నెలాఖరు దగ్గర పడుతోందని ఏదో ఒకటి పట్టుకుని వేలాడకు," అని ఫోన్ పెట్టేసింది లక్ష్మిప్రసన్న.

భూమేష్‌కు చెబితే అతనూ భయపడ్డాడు. "పెద్ద నర్సమ్మతోని లొల్లెందుకే? చెప్పిన పని చేసి ఊకో. ఉన్న డ్యూటీ పోతది."

"పోతె పోనీ. నొప్పితోని ఉన్న మనిషిని పట్టుకొని రోజు నిలబెడుతున్న. రేపు కూడా నిలబెట్టాల్నా?"

అవతల భూమేష్ మెత్తబడ్డాడు. "సరే. నీకెట్ల మంచిగ అనిపిస్తె అట్ల చెయ్యి," అన్నాడు.

ఇయోసేఫోను ఒప్పించడం అంతకంటే కష్టమైంది. తల్లికి నొప్పి ఉందని అతనికి తెలిసింది, లోపల కుమిలిపోతున్నాడు. అయినా నర్సుకు ఎదురు చెప్పాలంటే నోరు రావడం లేదు. చదువుకున్నవాళ్లు, పెద్ద స్థానంలో ఉన్నవాళ్లు ఒక మాట అన్నాక కాదనడం అతను పుట్టి బుద్ధెరిగాక చేయలేదు.

"మీరు అనకండి సర్. నేను అంటాను. మీరు నా పక్కన ఉండండి, చాలు."

జమున రాత్రి మళ్లీ ఫోన్ చేసి పట్టుబడితే, మర్నాడు ఉదయం లక్ష్మిప్రసన్న తనే వచ్చింది. ఇయోసేఫో స్కూలుకు సెలవు పెట్టాడు. లక్ష్మిప్రసన్న ఫైలు చంకలో పెట్టుకుని నేరుగా ఫిలేము కుర్చీ ముందుకు వెళ్లి నిలబడింది.

"మేడం, జర కూసోండ్రి," అంది జమున.

"ఎందుకు?"

"మీరు నిలబడి అడిగితె ఆమె చెప్పదు. జర కూసోండ్రి."

లక్ష్మిప్రసన్న ఇయోసేఫో వైపు చూసింది. అతను అప్పటికే నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని చిన్న ముక్కాలిపీట మీద కూర్చుంది.

"ఇప్పుడు మీకు ఇష్టమున్నది ఏదన్న అడుగుండ్రి."

లక్ష్మిప్రసన్న పదేళ్ల నర్సు. పరీక్ష ఎలా పెట్టాలో ఆవిడకు తెలుసు. "మీ పేరు ఫిలేమా?" అని ఇంగ్లీషులో అడిగింది. కనుబొమ్మలు లేచాయి. "మనం ఇప్పుడు న్యూజిలాండులో ఉన్నామా?" ఫిలేము లేయై అంది. "ఇతను మీ అబ్బాయా?" కనుబొమ్మలు లేచాయి. "ఈ జమున మీ కూతురా?" ఫిలేము ఒక క్షణం ఆలోచించి, లేయై అని, ఏదో చెప్పి నవ్వింది. కూతురైతే ఇంకా బాగా వండేదంటోంది అన్నాడు ఇయోసేఫో.

లక్ష్మిప్రసన్నకు నవ్వు రాలేదు. గొంతు తగ్గించి అడిగింది. "మీకు నొప్పి ఉందా?"

కనుబొమ్మలు లేచాయి. కొడుకు పక్కనే ఉన్నాడు, అయినా లేచాయి.

"చాలా రోజుల నుంచా?"

మళ్లీ లేచాయి.

లక్ష్మిప్రసన్న ఫైలు తెరిచి వెనక్కి తిప్పింది. జవాబు లేదు. జవాబు లేదు. ఒక్కో పేజీ దగ్గర ఆగింది. పదకొండు చోట్ల అదే మాట ఉంది, మూడు చోట్ల తన చేతిరాతతోనే. ఫైలు మూసింది.

"నేను డాక్టరు గారికి ఫోన్ చేస్తాను," అంది లేస్తూ. "స్కానింగు దగ్గర ఆడమనిషి ఉండాలని కూడా చెబుతాను. కదా జమునా?"

"ఔ మేడం. అది కూడా చెప్పాలె."

స్కానులో తేలింది. కటి ఎముకలో, ముందు పక్క సన్నటి చీలిక. ఎక్కడో పడి నెల పైనే అయి ఉంటుందన్నాడు డాక్టరు. ఆపరేషన్ అక్కర్లేదు. నొప్పికి మందులు, విశ్రాంతి, తర్వాత మెల్లమెల్లగా వాకర్‌తో నడక. ఇన్నాళ్లూ ఆ ఎముక మీదే బరువు వేసి నిలబెట్టారని అతను మామూలుగానే అన్నాడు కానీ, విన్న జమునకూ, కొడుక్కూ, లక్ష్మిప్రసన్నకూ ఆ మాట గుచ్చుకుంది.

ఎలా పడ్డావని కొడుకు అడిగితే ఫిలేము చెప్పడానికి ఇష్టపడలేదు. రెండు రోజులు అడిగాక చెప్పింది. మూడో అమ్మాయి ఉన్నప్పుడు బాత్రూంలో జారింది. ఆ అమ్మాయి అప్పుడు ఫోన్లో ఉంది. ఇంటి దగ్గర బిడ్డకు జ్వరం. పరుగెత్తుకొచ్చి లేపి, ఎవరికీ చెప్పొద్దని కాళ్లావేళ్లా పడింది. ఫిలేము మాట ఇచ్చింది. ఇచ్చిన మాట కోసం నెల రోజులు ఆ తుంటి మీదే కూర్చుంది. నొప్పి ఉందా అని కొడుకు తప్ప ఎవరు అడిగినా మాత్రం అబద్ధం చెప్పలేదు. ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు.

మర్నాడు వచ్చిన లక్ష్మిప్రసన్న అది విని కోపంతో లేచి నిలబడింది. "పడితే దాచిపెడుతుందా? ఇవాళే దాన్ని డ్యూటీలోంచి తీయిస్తాను."

అప్పుడు ఫిలేము ఇంగ్లీషులో మాట్లాడింది. ఆమెకు అంత ఇంగ్లీషు వచ్చని కొడుకు తప్ప అక్కడ ఎవరూ అనుకోలేదు.

"నర్సమ్మా, కూర్చో. ఆ పిల్లను పనిలోంచి పంపేస్తే నేను రేపటి నుంచి తినను. ఒకసారి తినకుండా ఉన్నాను కదా, ఇంకోసారి ఉండగలను."

లక్ష్మిప్రసన్న కూర్చుంది. ఆ మాట అన్న మనిషి నిజంగానే అంత పనీ చేయగలదని ఆవిడకు తెలుసు.

"తీయను. కానీ పడిన సంగతి రికార్డులో రాయాలి. అది దాచను. ఆ అమ్మాయికి మళ్లీ ట్రైనింగు ఇస్తాను. భయపడి దాచుకోకుండా వచ్చి నాకు చెప్పే పద్ధతి ఒకటి పెడతాను. అది మా ఆఫీసు తప్పు కూడా. ఇంతకన్నా తగ్గను."

ఫిలేము ఆలోచించి ఒప్పుకుంది.

ఆ రాత్రి ఇయోసేఫో తల్లి మంచం పక్కన నేల మీద చాలాసేపు కూర్చున్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసి ఉంచింది. జమున తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది. ఆ ఇద్దరి మధ్య మాటలు ఆమెకు అర్థం కావు, అర్థం కావాల్సిన అవసరమూ లేదు.

నెలాఖరు వచ్చింది, వెళ్లింది. న్యూజిలాండు హోముకు రాసిన కాగితాలు ఇయోసేఫో వెనక్కి తీసుకున్నాడు. సోహెల్ స్వయంగా వచ్చి, ముక్కాలిపీట మీద కూర్చుని, ఫిలేముకు క్షమాపణ చెప్పుకున్నాడు. తన బదులు ఆడ ఫిజియోథెరపిస్టును పంపమని ఆఫీసులో చెప్పింది కూడా అతనే. "నాకు ఎవ్వలు చెప్పలే అక్కా, నేను కూడా అడగలే," అన్నాడు జమునతో.

"అడుగు తమ్మీ. తొమ్మిదిండ్లు తిరిగినా ఒక్కొక్క ఇంట్ల ఒక్క మాట అడుగు," అంది జమున.

ఆరో వారంలో ఫిలేము వాకర్ పట్టుకుని మంచం నుంచి కిటికీ దాకా నడిచింది. ఎనిమిదో వారంలో బాల్కనీ దాకా. నడిచినంతసేపూ జమున పక్కనే, చెయ్యి ఆనించకుండా, పడితే అందుకునేంత దగ్గరలో నడిచేది. ఆమె ఆగితే ఆగేది. ఇంకొంచెం అని తొందరపెట్టేది కాదు, చాల్లే అని కూర్చోబెట్టేదీ కాదు. ఎంత దూరమో ఫిలేమే తేల్చేది. అలుపొచ్చినా ఆ ఆఖరి రెండు అడుగులూ ఆమె పళ్లు బిగించి వేసేది.

తొమ్మిదో వారంలో లక్ష్మిప్రసన్న కొత్త కాగితం తెచ్చింది. ముక్కాలిపీట మీద కూర్చుని పెన్ను తీసింది.

"జమునా, ప్రతి పేషెంటు ఫైలు మొదట్లో ఒక పేజీ పెడదామనుకుంటున్నాం. మనిషిని గురించి తెలుసుకోవలసినవి. మొదటిది ఈవిడదే. నువ్వు చెప్పు, నేను రాస్తాను. సమోవా వాళ్లకి ఏమేం..."

"సమోవా వాళ్లకని రాయకుండ్రి మేడం. నాకు ఆ దేశం తెల్వదు. ఫిలేము అమ్మకు అని రాయుండ్రి. ఇంకొక సమోవా ఆమె వస్తె మల్ల మొదటి నుంచి అడుగాలె కదా."

లక్ష్మిప్రసన్న రాసిన పై లైను కొట్టేసి, ఫిలేము గారికి అని రాసింది. జమున ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. మధ్య మధ్యలో ఆగి, అది నిజమేనా అని ఫిలేమును ఇంగ్లీషులో అడిగి, ఆమె ఒప్పుకున్నాకే రాయించింది. రెండు చోట్ల ఫిలేము ఒప్పుకోలేదు. తలుపు తెరిచి ఉంచడం ఫిలేముకు ఇష్టమని జమున అనుకుంది, అది జమునకే ఇష్టమట. టీలో చక్కెర వద్దన్నది తను కాదు, డాక్టరట. పేజీ నిండబోతుంటే ఫిలేము చెయ్యెత్తింది.

"ఇంకొకటి రాయి," అంది ఇంగ్లీషులో. "శుక్రవారం ముందు రోజు ఈ పిల్ల భర్తతో ఫోన్లో మాట్లాడుతుంది. పక్క బిల్డింగుకు కూడా వినపడుతుంది. అది ఫిలేముకు నచ్చదు."

లక్ష్మిప్రసన్న తల ఎత్తకుండా ఆ మాట కూడా పొల్లుపోకుండా రాసుకుంది.